అటక దిగిన లాప్‌టాప్, కనిపించని వైఫై

బూర్గంపాడులో మా అక్కవాళ్ళింట్లో రౌటర్ బీరువా మీద ఉంటుంది. ఫైబర్ లాగడానికి వచ్చిన కుర్రాడికి వైరు అక్కడిదాకానే సరిపోయింది, అక్కడే పెట్టేసి పోయాడు. లాప్‌టాప్ కథ వేరు. అది 2010 నాటిది. మా బావ వాళ్ళ అన్న కొడుకు డల్లాస్ నుంచి వస్తూ తెచ్చి ఇచ్చాడు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు, నీళ్ళు ఊళ్ళోకి వస్తున్నాయనగానే బావ చేతికందిన సామానంతా అటకెక్కించాడు. వరద తీశాక మిక్సీ దిగింది, బియ్యం డబ్బా దిగింది, పాస్‌బుక్కుల సంచీ దిగింది. లాప్‌టాప్‌ను దించడం ఎవరికీ గుర్తు రాలేదు. మొన్న డిగ్రీ దరఖాస్తు పనిమీద మేనకోడలు దించి, దుమ్ము దులిపి, ఆన్ చేసి, నన్ను పిలిచింది.

"మావయ్యా, పక్కింటోళ్ళ వైఫై కనపడతంది, ఎదురింటోళ్ళది కనపడతంది. మనదే కనపడట్లే."

పాత లాప్‌టాప్‌ను ఇంటి వైఫైకి కలపడం ఎలా అని నలుగురిని అడిగితే నాలుగు మందులు చెబుతారు. లోపలి కార్డు పోయింది, మార్పించమంటాడు ఒకడు. యూఎస్‌బీకి తగిలించే డాంగిల్ కొనుక్కోమంటాడు ఇంకొకడు. విండోస్ పీకేసి లినక్స్ వేయమనేవాడు ఒకడుంటాడు. రౌటర్‌లో సెక్యూరిటీ తీసేస్తే అదే కలుస్తుందనేవాడూ ఉంటాడు, వాడితోనే ప్రమాదం. ఆ చివరి మందు తప్పిస్తే మిగిలినవన్నీ ఎక్కడో ఒకచోట పనిచేసేవే. రోగం ఏమిటో చూడకుండా మందు రాయడమే చిక్కు. ఏళ్ళ తరబడి బంధువుల ఇళ్ళలో ఈ పని నెత్తినేసుకున్న మనిషిగా నా లెక్క ఒకటే: లాప్‌టాప్ మూడు గడపలు దాటాలి. రౌటర్ పేరు కనిపించడం మొదటిది, పాస్‌వర్డ్ ఒప్పుకోవడం రెండోది, పేజీ తెరుచుకోవడం మూడోది. ఏ గడప దగ్గర ఆగిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఆగిన చోట లోపం చాలాసార్లు లాప్‌టాప్ వయసుది కాదు. ఇటు పాత కార్డు, అటు కొత్త రౌటర్ మాట్లాడుకునే పద్ధతిలో తేడా.

మొదటి గడప దగ్గరే ఎక్కువమంది ఆగుతారు కాబట్టి అక్కడే కాస్త ఎక్కువసేపు నిలబడదాం.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది స్విచ్. 2005–2012 మధ్య వచ్చిన లాప్‌టాప్‌లలో చాలావాటికి వైఫైకి విడిగా ఒక మీట ఉండేది. కొన్నింటికి ముందు అంచున గోటితో జరిపేది, కొన్నింటికి కీబోర్డు పైన దీపం వెలిగే బొత్తాం. నీలం దీపమైతే ఆన్, నారింజ అయితే ఆఫ్. ఇంకొన్నింటికి కింది వరసలోని ఎఫ్‌ఎన్ మీట పట్టుకుని పై వరసలో యాంటెనా బొమ్మ ఉన్న మీట నొక్కాలి. కొత్త లాప్‌టాప్‌లు వాడే పిల్లలకు ఇలాంటి మీట ఒకటుండేదనే తెలియదు. కార్డు పోయిందని దుకాణానికి తీసుకెళ్ళిన లాప్‌టాప్ ఆ మీట జరపగానే బాగైపోవడం నేను కళ్ళారా చూశాను. దానికి ఆ దుకాణదారు మూడొందలు తీసుకోవడమూ చూశాను.

తర్వాత చూడాల్సింది రేడియో పట్టీ. వైఫై ప్రమాణం మొదట వచ్చింది 1997లో. 1999లో సెకనుకు 11 మెగాబిట్ల 802.11బీ, 2003లో 54 మెగాబిట్ల 802.11జీ, 2009లో ఒకేసారి రెండు మూడు యాంటెనాలతో పనిచేసే 802.11ఎన్ వచ్చాయి. పలు యాంటెనాల ఈ ఆలోచనకు 1990ల తొలినాళ్ళలోనే పునాది వేసినవాడు మన దక్షిణాదివాడే, తమిళనాడులో పుట్టిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్. 2014లో ఆయనకు మార్కోనీ బహుమతి ఇచ్చారు. ఈ అక్షరాల గొడవ జనానికి అర్థం కావడం లేదని 2018లో వైఫై 4, 5, 6 అని అంకెలు పెట్టారు. పాత లాప్‌టాప్ ఉన్నవాళ్ళకు మాత్రం ఇప్పటికీ అక్షరాలే దిక్కు. డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు పక్కన "బీజీఎన్" అని ఉంటే అది 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో మాత్రమే వినగలదు. మొదట్లో "ఏ" కూడా చేరి "ఏబీజీఎన్" అని ఉంటే 5 గిగాహెర్ట్జ్ కూడా వినిపిస్తుంది. రౌటర్ రెండు పేర్లు ప్రసారం చేస్తూ, ఒకదాని చివర "5జీ" అని ఉంటే, బీజీఎన్ కార్డుకు ఆ పేరు జన్మలో కనిపించదు. ఆ 5జీకి, సెల్‌ఫోన్ టవర్ 5జీకి ఏ చుట్టరికమూ లేదు. తమ ఫోన్ 4జీ కాబట్టి ఆ పేరు వాడకూడదనుకునేవాళ్ళు మా ఊళ్ళోనే ముగ్గురున్నారు.

అక్కవాళ్ళ లాప్‌టాప్‌లో మీట ఆన్‌లోనే ఉంది. రౌటర్ 2.4లోనూ పలుకుతోంది, ఫోన్లన్నింటికీ దొరుకుతోంది. అయినా ఈ ఒక్కదానికి కనిపించడం లేదు. అప్పుడు డల్లాస్ గుర్తొచ్చింది. 2.4 పట్టీని 5 మెగాహెర్ట్జ్ ఎడంతో చానళ్ళుగా విభజించారు. ఇండియాలో 1 నుంచి 13 దాకా వాడతారు. అమెరికాలో 11 దగ్గర ఆపేస్తారు. ఆ దేశంలో అమ్మిన పాత కార్డుల్లో చాలావాటికి ఆ హద్దు కార్డులోనే రాసేసి ఉంటుంది, విండోస్‌లో దేశం మార్చినా చెరగదు. ఇక్కడి రౌటర్‌లో చానల్ "ఆటో" మీద ఉంటే, చుట్టుపక్కల రద్దీ చూసుకుని అది 12కో 13కో వెళ్ళి కూర్చుంటుంది. ఇండియాలో కొన్న ఫోన్‌కు అది మామూలు విషయం. అమెరికా నుంచి వచ్చిన లాప్‌టాప్‌కు ఆ చానల్ ఉన్నట్టే తెలియదు. పక్కింటివాళ్ళది 1లోనో 6లోనో ఉంటుంది, అందుకే అది కనిపిస్తుంది. సమస్య రోజూ ఉండదు కూడా. కరెంటు పోయి వస్తే రౌటర్ కొత్త చానల్ వెతుక్కుంటుంది, ఆ రోజు లాప్‌టాప్ ఏమీ ఎరగనట్టు పనిచేస్తుంది. ఎండాకాలం గాలిదుమారాలకు కరెంటు వచ్చిపోయే ఊళ్ళో ఇది దయ్యం పనిలా అనిపించడంలో వింతేముంది?

సారపాక కాగితం మిల్లులో పనిచేసి రిటైరైనవాళ్ళ ఇళ్ళలో, భద్రాచలం, పాల్వంచ, కొత్తగూడెంలలో, ఆ మాటకొస్తే తెలుగునాట ఏ ఊళ్ళో అయినా పిల్లలు అమెరికా నుంచి తెచ్చి వదిలేసిన లాప్‌టాప్‌లు ఉంటాయి. ఇంగ్లిషులో రాసిన సహాయ వ్యాసాల్లో ఈ చానల్ సంగతి తగినంతగా కనిపించదు. అక్కడివాళ్ళకు ఆ అవసరం పడదు మరి. మనకు పడుతుంది. మందు తేలిక: రౌటర్ అడుగున అతికించిన చీటీ మీది చిరునామాను, చాలాసార్లు 192.168.1.1ని, ఫోన్ బ్రౌజర్‌లో కొట్టి లోపలికి వెళ్ళి, 2.4 చానల్‌ను ఆటో తీసి 1, 6, 11లలో ఒకదానికి కట్టేయాలి. ఈ మూడే ఎందుకంటే ఒకదానిమీద ఒకటి పడనివి ఇవే. చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచితే పాత కార్డుకు ఇంకా హాయి. ఆ పేజీలోకి వెళ్ళే పాస్‌వర్డ్ ఇంటర్నెట్ కంపెనీ దగ్గరే ఉంటే ఫోన్ చేసి మార్పించుకోవచ్చు. 12, 13 వద్దు అని నోటితో చెప్పాలి, లేకపోతే మళ్ళీ ఆటోలోనే పెట్టి చేతులు దులుపుకుంటారు.

ఇదే గడప దగ్గర మరో కొత్త చిక్కు వచ్చింది. వైఫై 6 రౌటర్లు తమ పేరు చాటే తీరు కొన్ని ఇంటెల్ కార్డుల పాత డ్రైవర్లకు అర్థం కాదు, అవి ఆ పేరే చూపించవు. ఈ సంగతి ఇంటెలే ఒప్పుకుని కొత్త డ్రైవర్లు ఇచ్చింది. డ్రైవర్ మార్చలేకపోతే రౌటర్‌లో 2.4కి మాత్రం "ఏఎక్స్" అనే వైఫై 6 పద్ధతి తీసేయాలి.

నెట్‌వర్క్‌కు తెలుగులో పేరు పెట్టుకునేవాళ్ళకు చిన్న మాట. పేరుకు ఉన్న హద్దు 32 బైట్లు, తెలుగులో ఒక్కో అక్షరమూ, గుణింతపు గుర్తూ, పొల్లూ విడివిడిగా మూడేసి బైట్లు తింటాయి. "మన ఇల్లు" 22 బైట్లతో ఇమిడిపోతుంది. "భద్రాద్రి రామయ్య" 46 అవుతుంది, పట్టదు. పట్టినా పాత విండోస్‌లో అది అర్థంకాని గుర్తుల వరసగా కనిపించవచ్చు. పేరు కనిపించలేదనుకుని వదిలేసిన చోట, ఆ పిచ్చి గుర్తులే మీ ఇంటి పేరేమో ఒకసారి చూసుకోండి.

రెండో గడప పాస్‌వర్డ్. సరైనదే కొట్టినా తప్పంటోందంటే ముందు కొట్టిన అక్షరాలు కళ్ళకు కనిపించేలా పెట్టుకోవాలి. చిన్న లాప్‌టాప్‌లలో అంకెల మీటలు అక్షరాల్లోనే దాగి ఉంటాయి. నమ్‌లాక్ పడి ఉంటే ఎం బదులు 0, యూ బదులు 4, ఎల్ బదులు 3, ఐ బదులు 5 పడతాయి. పాస్‌వర్డ్‌లో మురళి అని ఉంటే ఆ పేరు కాస్తా "04ఆర్ఏ35" అయి కూర్చుంటుంది. లండన్ నుంచి వచ్చిన లాప్‌టాప్ అయితే ఎట్ గుర్తు, కొటేషన్ గుర్తు చోట్లు మార్చుకుని ఉంటాయి.

అక్షరాలు సరిగ్గా ఉన్నా ఒప్పుకోకపోతే అప్పుడు తాళం రకం చూడాలి. పాత వెప్ తాళం లోపాలను 2001లోనే ఫ్లూరర్, మాంటిన్, షమీర్ బయటపెట్టారు. 2007లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు దాన్ని నిమిషంలోపే తీసి చూపించారు. డబ్ల్యూపీఏ 2003లో, డబ్ల్యూపీఏ2 2004లో వచ్చాయి. 2006 మార్చి నుంచి వైఫై ముద్ర కావాలంటే డబ్ల్యూపీఏ2 తప్పనిసరి చేశారు. కాబట్టి ఆ తర్వాతి లాప్‌టాప్‌లకు డబ్ల్యూపీఏ2 రావాలి. ఎక్స్‌పీ ఉన్నవాటికి మూడో సర్వీస్ ప్యాక్ ఉంటే సరి. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 మాత్రం విండోస్ 7కు తెలియదు, విండోస్ 10లో కూడా 2019 కూర్పు నుంచే ఉంది. కొత్త రౌటర్ డబ్ల్యూపీఏ3 మాత్రమే అంటూ బిగుసుకుంటే పాతది బయటే ఉండిపోతుంది. రెండూ కలిపి పెట్టే పద్ధతి చాలా రౌటర్లలో ఉంది గాని, ఆ కలగలుపు చూసి కొన్ని పాత కార్డులు తికమకపడతాయి. అప్పుడు ఏం చేయాలన్నది కాసేపట్లో చెబుతాను.

మూడో గడప విచిత్రమైనది. కలిసింది అంటుంది, గీతలు నిండుగా చూపిస్తుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. మా అక్కవాళ్ళింట్లో చానల్ 6కు మార్చాక సరిగ్గా ఇదే జరిగింది. "మీ కనెక్షన్ ప్రైవేటుగా లేదు" అన్న ఎర్రటి హెచ్చరిక వచ్చింది. మేనకోడలు హడలిపోయి, ఎవరో హ్యాక్ చేశారంది. కింద కుడి మూల చూస్తే తేదీ 2010 జనవరి 1. అటకమీద పడి ఉన్నన్నాళ్ళూ లోపలి గడియారాన్ని నడిపించిన రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోయింది. బ్యాంకు సైటైనా ప్రభుత్వ సైటైనా తన గుర్తింపు పత్రం ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుందని చూపిస్తుంది. 2010లో ఉన్నాననుకుంటున్న లాప్‌టాప్‌కు ఆ పత్రాలన్నీ ఇంకా పుట్టనివే. తేదీ సరిచేయగానే పేజీ వచ్చింది. చాలావాటిలో ఆ బ్యాటరీ సీఆర్2032 రకం, అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. వాచీల దుకాణంలో దొరుకుతుంది. మార్చేదాకా ఆన్ చేసినప్పుడల్లా తేదీ పెట్టుకోవడమే.

తేదీ సరిగా ఉన్నా పేజీలు రాకపోతే బ్రౌజర్ పాతబడిందని అర్థం. విండోస్ 7కు క్రోమ్ 2023లో 109వ కూర్పుతో ఆగిపోయింది.

మూడు గడపల దగ్గరా ఓడిపోయినవాళ్ళకు, లేదా కార్డే నిజంగా పోయినవాళ్ళకు, మిగిలిన దారుల్లో నాకు బాగా నచ్చేది ఎవరూ చెప్పనిది. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఇంటి వైఫైకి కలిపి, చార్జింగ్ వైరుతో లాప్‌టాప్‌కు గుచ్చి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయాలి. చాలా ఫోన్లలో మొబైల్ డేటాయే కాదు, వైఫై కూడా ఆ తీగగుండా లాప్‌టాప్‌కు వెళుతుంది. ఫోనే డాంగిల్ అవుతుంది. పైసా ఖర్చు లేదు. డాంగిల్ కొంటే ఐదారొందల్లో వస్తుంది. లోపలి కార్డు మార్చడం చౌకే గాని, కొన్ని లెనోవో, హెచ్‌పీ లాప్‌టాప్‌లు తాము గుర్తించిన కార్డు కాకపోతే అసలు తెరుచుకోనే తెరుచుకోవు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళి కొనేముందు ఆ మోడల్‌కు ఏ కార్డు నప్పుతుందో కనుక్కుని వెళ్ళడం మంచిది. పైగా లోపల వెంట్రుకల్లాంటి రెండు యాంటెనా తీగలుంటాయి. తెల్లదీ నల్లదీ ఊడదీసి మళ్ళీ నొక్కేటప్పుడు చేయి వణికిందా, గోవిందా. రౌటర్ పక్కనే లాప్‌టాప్ పెట్టుకోగలిగితే లాన్ వైరుకు మించింది లేదు. ఆ వైరును మాత్రం ఆరుబయట గుండా మరో ఇంటికి లాగొద్దు. తొలకరి పిడుగులకు పోర్టులు కాలిపోతాయి.

పాతదాన్ని కలిపితే ఇంట్లో అందరి నెట్ నెమ్మదిస్తుందని ఒక వాదం ఉంది. అందులో నిజం ఉంది. 2003లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు లెక్కకట్టి చూపించారు: 11 మెగాబిట్లతో మాట్లాడే పరికరాల మధ్య ఒకటి 1 మెగాబిట్‌తో నసుగుతుంటే మిగిలినవీ ఆ స్థాయికే దిగజారతాయి. గాలిలో మాట్లాడే వంతు అందరికీ సమానం, ఒకడు తన వంతులో గంట తీసుకుంటే మిగతావాళ్ళు ఆగాల్సిందే. కానీ ఆ నసుగుడు వయసువల్ల కన్నా దూరంవల్ల వస్తుంది. రేకుల వసారాలో కూర్చున్న కొత్త ఫోన్ కూడా అలాగే నసుగుతుంది. 802.11జీ కార్డు 54 అని రాసుకున్నా చేతికి 20–25 మెగాబిట్లు ఇస్తుంది. నెలకు నాలుగొందల చిల్లర కట్టే 30 మెగాబిట్ల కనెక్షన్‌కు అది దాదాపు సరిపోతుంది. వీడియో ఆగి ఆగి వస్తోందంటే తప్పు చాలాసార్లు వైఫైది కాదు, కొత్తరకం వీడియోను విప్పలేని ప్రాసెసర్‌ది. 2.4 పట్టీకి ఇంకో మంచి గుణం, గోడలు దాటడంలో 5 కన్నా మెరుగు. పాతకాలపు మందపాటి గోడల ఇంట్లో వెనక గదికి చేరేది అదే.

ఇక ఆ నాలుగో సలహా, సెక్యూరిటీ తగ్గించమనేది. 2005–2007 మధ్య అమెరికాలో టీజేఎక్స్ అనే దుకాణాల గొలుసు నుంచి నాలుగున్నర కోట్ల పైచిలుకు కార్డుల వివరాలు పోయాయి. దొంగలు దూరిన సందు వెప్ తాళం వేసిన ఒక దుకాణం వైఫై. అది పెద్ద దుకాణం సంగతి, మన ఇంటికెందుకు అనుకోవచ్చు. 2017 మేలో వన్నాక్రై అనే కంప్యూటర్ వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. అది ఎవరూ ఏదీ నొక్కకుండానే ఒకే నెట్‌వర్క్‌లో ఒకదాన్నుంచి ఒకదానికి పాకింది. దాని విరుగుడు మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్ళకు తగిలింది. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలో విరుగుళ్ళు ఇవ్వడం ఆపేసింది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనే ఆపింది. కాబట్టి నా పక్షం స్పష్టం: పాతదానికోసం ఇంటిని దించకూడదు, పాతదానికి విడిగా అరుగు వేయాలి. చాలా రౌటర్లలో గెస్ట్ నెట్‌వర్క్ ఉంటుంది. దాన్ని 2.4లో, ఒట్టి డబ్ల్యూపీఏ2తో పెట్టి లాప్‌టాప్‌కు అది ఇవ్వాలి. అసలు పేరు డబ్ల్యూపీఏ3తో అలాగే ఉంటుంది. ఇందాకటి కలగలుపు చిక్కుకూ ఇదే మందు. ఆ లాప్‌టాప్‌లో దరఖాస్తులు నింపుకోవచ్చు, పాఠాలు చూడొచ్చు. బ్యాంకు పని మాత్రం చేయకూడదు.

బ్యాంకు పని కూడా కావాలంటే లినక్స్. తెలుగులో కనిపించే లినక్స్ కావాలంటే హైదరాబాద్ స్వేచ్ఛ సంస్థవాళ్ళు ఏళ్ళుగా ఆ పనిలో ఉన్నారు. ఏథెరోస్ కార్డులు లినక్స్‌లో చాలావరకు పెట్టగానే పనిచేస్తాయి. కొన్ని బ్రాడ్‌కామ్ కార్డులకు డ్రైవర్ నెట్‌లోంచి దించుకోవాలి, ఆ నెట్ రావాలంటే డ్రైవర్ ఉండాలి. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు. ఇక్కడ మళ్ళీ ఫోనూ చార్జింగ్ వైరే ఆదుకుంటాయి. మరీ పాత 32 బిట్ల యంత్రాలకు దారి ఇరుకవుతోంది, ఉబుంటు ఎప్పుడో వదిలేసింది, డెబియన్ కూడా 2025లో వచ్చిన 13వ కూర్పులో వాటికి ఇన్‌స్టాలర్ ఆపేసింది.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు కూడా మామూలు ఊతం ఆగిపోయింది. 2017లో ముచ్చటపడి కొన్న లాప్‌టాప్ చాలా ఇళ్ళలో ఇవాళ ఈ పాతవాటి వరసలోకి వచ్చేసింది. వాటికి వైఫై చక్కగా దొరుకుతుంది, 5 గిగాహెర్ట్జ్ కూడా. వాటి సమస్య కలపడం కాదు, ఎవరి పక్కన కూర్చోబెట్టాలన్నది.

మేనకోడలి దరఖాస్తు ఆ సాయంత్రమే అయిపోయింది. "ఇంతసేపూ చేసిన పని ఫోన్లో పావుగంటలో అయ్యేది కదరా బామ్మర్దీ" అన్నాడు బావ. మార్కుల మెమో పీడీఎఫ్‌ను రెండు వందల కేబీకి కుదించాల్సి వచ్చినప్పుడు ఆయనే వచ్చి పక్కన కూర్చున్నాడు. రౌటర్‌ను బీరువా మీంచి దించి నడిమింట్లో గోడకు తగిలిద్దామన్నాను, అంత ఇనుము దగ్గర పెట్టుకుని వెనక గదికి సిగ్నల్ రమ్మంటే ఎలా వస్తుందని. కొత్తగా రంగులేయించిన గోడకు మేకు కొట్టనివ్వనంది అక్క. అది ఇంకా బీరువా మీదే ఉంది.